డాక్టరు "జెనెటిక్" అన్నాక ఏం చేయాలి? బెంగళూరు తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

బిడ్డ రిపోర్టు చూసి డాక్టరు "ఇది జెనెటిక్ అండీ" అనగానే ఇంట్లో మొదట లేచే ప్రశ్న "ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని. అక్కడి నుంచి మాటా మాటా పెరుగుతుంది. నెపం కోడలి పుట్టింటి మీదికి పోతుంది, లేదంటే కడుపుతో ఉన్నప్పుడు చూసిన గ్రహణం మీదికి పోతుంది. అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఇది కణాల్లో జన్యువులను మోసే పోగులైన క్రోమోజోములు పంచుకునేటప్పుడు ఆ ఒక్కసారికి జరిగిన పొరపాటా, లేక తరాలుగా చప్పుడు లేకుండా నడిచి వస్తున్న జన్యులోపమా? ఏ పరీక్ష చేయించాలి, మళ్లీ బిడ్డను కంటే ఏమవుతుంది, అక్కాచెల్లెళ్లకు చెప్పాలా వద్దా అన్నవన్నీ దీనికి దొరికే జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.

నేను బెంగళూరులో జీవశాస్త్రం పాఠాలు చెబుతాను, డాక్టరును కాను. హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి ఇక్కడి ఆస్పత్రులకు వచ్చే బంధువులు, మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో స్థిరపడ్డ తెలుగువాళ్లు రిపోర్టులు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు కాగితం మీద గీసి చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. వైద్యం ఏదన్నది మీ డాక్టరే చెప్పాలి. ఆయన ముందు కూర్చున్నప్పుడు సరైన ప్రశ్న అడగడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఆస్పత్రికి వెళ్లకముందే వంశవృక్షం గీయండి

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకోండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. భార్యాభర్తలను ఒక అడ్డగీతతో కలపండి, ఆ గీత మధ్యలోంచి కిందికి పిల్లలు, పెద్దవాళ్లు ఎడమ వైపు. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును పెన్నుతో నింపేయండి. చనిపోయినవాళ్ల మీద ఏటవాలు గీత, నిలవని గర్భానికి చిన్న త్రిభుజం. మేనరికమైతే భార్యాభర్తల మధ్య రెండు గీతలు. కనీసం మూడు తరాలు ఉండాలి. జెనెటిక్ కౌన్సెలరు మీతో చేసే మొదటి పని ఇదే. మీరు ముందే గీసుకుని వెళ్తే ఆ సమయం అసలు మాటలకు మిగులుతుంది.

గీయడం తేలికే, వివరాలు రాబట్టడమే కష్టం. "మన ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా?" అని నలుగురిలో అడిగితే "ఏమీ లేవు" అనే వస్తుంది. పెద్దావిడ ఒక్కతే ఉన్నప్పుడు, జబ్బు మాట ఎత్తకుండా మనుషుల గురించి అడగండి. ఉదాహరణకు ఇలా:

"అవ్వా, రామన్న మామ తర్వాత నీకు ఇంకెవరైనా పుట్టినారా?"

"పుట్టినాడొకడు. ఏడాది తిరక్కుండానే పోయినాడు."

"జ్వరమొచ్చిందా?"

"జ్వరం కాదు. పాలిపోయి ఉండేవాడు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. పెద్దాసుపత్రిలో రెండుసార్లు రక్తం ఎక్కించినారు."

పాలిపోవడం, రక్తం ఎక్కించడం, పొట్ట పెరగడం. చివరిది ప్లీహం వాచినందువల్ల కావచ్చు. ఈ మూడూ కలిపి చెబితే డాక్టరుకు వెంటనే తలసీమియా, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య రక్తజబ్బు, గుర్తొస్తుంది. ఇలాంటి వివరం ఏ స్కానింగులోనూ దొరకదు. పుట్టి పోయిన పిల్లలు, వరసగా నిలవని గర్భాలు, నడక ఆలస్యమైనవాళ్లు, నడుస్తూ నడుస్తూ ఎనిమిది తొమ్మిదేళ్లకు కూర్చుండిపోయిన మగపిల్లలు, చిన్న దెబ్బకే రక్తం ఆగనివాళ్లు, పిల్లలు కలగని దంపతులు: అందరి గురించీ అడిగి పక్కన రాయండి. ఎంత వయసులో మొదలైందో కూడా రాయండి.

ఇక్కడ గోత్రం గురించి ఒక మాట చెప్పాలి. గోత్రాలు వేరైతే రక్తసంబంధం లేనట్టే అని మనలో చాలామంది నమ్ముతారు. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి పోతుంది, మగవాళ్లకే ఉండే వై క్రోమోజోము కూడా అలాగే పోతుంది. అంటే గోత్రం చూడటం వల్ల తెలిసేది మగ వరస ఒక్కటే. మిగతా క్రోమోజోముల సంగతి గోత్రానికి తెలియదు. మేనమామకూ మేనకోడలికీ గోత్రాలు వేరే, కానీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు. మేనరికాలు లేని కుటుంబాల్లో కూడా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక తీవ్రమైన లోపంతో పుడతారు. మేనత్త మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే దానికి సుమారు ఇంకో రెండు మూడు శాతం కలుస్తుంది. మేనమామతో పెళ్లయితే ఇంకా ఎక్కువ. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు కాబట్టి మేనరికం చేసుకున్నవాళ్లు కుంగిపోవాల్సిన పనిలేదు. అయితే ఆ రెండు గీతలు కాగితం మీద తప్పకుండా కనబడాలి. డాక్టరు దగ్గర దాన్ని దాచడం వల్ల మీ బిడ్డకే నష్టం.

మేనరికం లేకపోయినా, తరాల తరబడి ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే కొన్ని లోపాలు ఆ కులంలో పోగుపడతాయి. మన తెలుగువాళ్లలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఆర్యవైశ్యులది. బ్యుటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైము లోపం వాళ్లలో మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషనులో కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం, నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాకపోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే, మీరు ఆపరేషనుకు వెళ్లేటప్పుడు మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

రెండో మెట్టు: మియాసిస్‌ను ఒక్కసారి శ్రద్ధగా అర్థం చేసుకోండి

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. చాలాకాలం 48 అనుకున్నారు. 1956లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ 46 అని తేల్చారు.

అండంలోనూ వీర్యకణంలోనూ 46 చొప్పున ఉంటే బిడ్డకు 92 వస్తాయి. అందుకే వాటి తయారీలో సంఖ్య సగానికి తగ్గాలి. ఆ తగ్గించే విభజనే మియాసిస్, మన పాఠ్యపుస్తకాల్లో క్షయకరణ విభజన. ముందు ప్రతి క్రోమోజోము తనకు ఒక నకలు చేసుకుంటుంది. తర్వాత అమ్మ నుంచి వచ్చినదీ నాన్న నుంచి వచ్చినదీ జతగా పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. మల్లెదండ, కనకాంబరం దండ పక్కన పెట్టి, రెంటినీ ఒకే కొలత దగ్గర తెంపి, దీని ముక్క దానికీ దాని ముక్క దీనికీ ముడివేస్తే ఎలా ఉంటుందో అలా. మొదటి విభజనలో జతలు విడిపోతాయి, రెండో విభజనలో నకళ్లు విడిపోతాయి. చివరికి ఒక్కో కణానికి 23 మిగులుతాయి. ఏ జతలో ఏది ఎటు పోతుందో ముందుగా చెప్పలేం. ముక్కల మార్పిడిని పక్కన పెట్టినా ఒక మనిషికి 83,88,608 రకాల కలయికలు సాధ్యం. ఒకే తల్లి పిల్లల్లో ఒకరికి జబ్బు వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి కారణం ఇదే.

ఆడవాళ్లలో ఈ పని మగవాళ్లలో జరిగినట్టు జరగదు. వీర్యకణాలు యవ్వనం నుంచి రోజూ తయారవుతూనే ఉంటాయి, ఒక్కోదానికి రెండు నెలలు పైచిలుకు పడుతుంది. అండాలు మాత్రం ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే మియాసిస్ మొదలుపెట్టి, మొదటి విభజన మధ్యలో ఆగిపోతాయి. మీరు పుట్టిన అండం, మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే ఆ పని మొదలుపెట్టిందన్నమాట. అది విడుదలయ్యే నెల వచ్చేదాకా, ఇరవై ఏళ్లో నలభై ఏళ్లో, క్రోమోజోములు అలా పట్టుకునే ఉండాలి. వాటిని పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీను ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. అప్పుడు విడిపోవాల్సిన జత విడిపోకుండా రెండూ ఒకే వైపు వెళ్లే అవకాశం పెరుగుతుంది.

21వ జత అలా విడిపోకపోతే వచ్చేది డౌన్ సిండ్రోమ్, బిడ్డ ఎదుగుదల, తెలివి నెమ్మదించే స్థితి. ఇది 21వ క్రోమోజోము మూడుగా ఉండటం వల్లనే అని 1959లో జెరోమ్ లెజూన్ బృందం చూపించింది. తల్లికి 25 ఏళ్లప్పుడు సుమారు 1,250 మందిలో ఒకరికి, 35కి సుమారు 350లో ఒకరికి, 40కి 100లో ఒకరికి ఈ అవకాశం ఉంటుంది. వయసు తప్ప తల్లి చేసిందంటూ ఇందులో ఏమీ లేదు. ఆమె తిన్న బొప్పాయి, ఎక్కిన బస్సు, చూసిన గ్రహణం ఏవీ 21వ జతను ముట్టుకోవు. దీన్ని నేను అత్తగార్లను కూర్చోబెట్టి మరీ చెబుతాను. మీరూ చెప్పండి.

మూడో మెట్టు: మీ ఇంట్లోది ఏ రకమో గుర్తించండి

మొదటి రకం, క్రోమోజోముల లెక్క తప్పడం. డౌన్ సిండ్రోమ్‌తో పాటు, ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్న ఆడపిల్లల్లో వచ్చే టర్నర్, ఎక్స్‌లు రెండూ వై ఒకటీ ఉన్న మగపిల్లల్లో వచ్చే క్లైన్‌ఫెల్టర్ ఇందులోవే. మొదటి మూడు నెలల్లో నిలవకుండా పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం ఇలాంటి లెక్క తప్పే. ఇవి చాలావరకు ఆ ఒక్కసారికి జరిగేవి. చెల్లెలి పిల్లలకూ తమ్ముడి పిల్లలకూ దీనివల్ల ముప్పు పెరగదు.

రెండో రకం అంటుకుపోయిన క్రోమోజోములు. ఇది తక్కువమందికే ఉంటుంది, కానీ మొత్తం కథను మార్చేస్తుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో నూటికి ముగ్గురు నలుగురిలో అదనపు 21వ క్రోమోజోము ఇంకోదానికి, ఎక్కువగా 14వదానికి, అతుక్కుని ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరు 45 క్రోమోజోములతో పూర్తి ఆరోగ్యంగా ఉండి, వాళ్ల మియాసిస్‌లో ఆ అతుకు అటూ ఇటూ అయి బిడ్డకు రావచ్చు. 14తో 21 అతుక్కున్నది తల్లిలో ఉంటే మళ్లీ అలా జరిగే అవకాశం 10 నుంచి 15 శాతం, తండ్రిలో ఉంటే చాలా తక్కువ. మామూలు రకమైతే సుమారు ఒక శాతం, లేదా తల్లి వయసుకు తగిన ముప్పు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అందుకే "మొహం చూస్తేనే డౌన్ అని తెలుస్తోంది, ఇంక పరీక్ష ఎందుకు?" అంటే ఒప్పుకోకండి. బిడ్డ కార్యోటైప్, అంటే క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్ష రిపోర్టు, చేతికొచ్చేదాకా తర్వాతి బిడ్డ సంగతి ఎవరూ చెప్పలేరు.

మూడో రకం ఒకే ఒక జన్యువులో లోపం. ఇక్కడ మియాసిస్ తన పని తాను సరిగ్గానే చేస్తుంది, ఉన్న లోపాన్ని కూడా నిజాయితీగా పంచిపెడుతుంది. ఎక్కువగా కనబడే బీటా తలసీమియా, ఎర్రరక్తకణాల జబ్బు సికిల్ సెల్ 11వ క్రోమోజోము మీది జన్యువువి. వెన్నెముక నాడుల వల్ల కండరాలు క్షీణించే ఎస్ఎంఏ 5వదాని మీదిది. ఇవి అమ్మ నుంచి వచ్చిన జన్యువూ నాన్న నుంచి వచ్చిన జన్యువూ రెండూ పాడైతేనే వస్తాయి. ఒకటే పాడైనవాళ్లను క్యారియర్లు అంటారు, వాళ్లకు జబ్బు ఉండదు. ఇద్దరు క్యారియర్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ప్రమాదం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదని లెక్కేసుకునేవాళ్లున్నారు, అది తప్పు. ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటి నుంచే.

మేనరికంలో ఇది ఎలా కలుస్తుందో వేసి చూడండి. తాత ఒక్కడే తలసీమియా క్యారియర్ అనుకుందాం. ఆయన కొడుక్కి రావడానికి సగం, ఆ కొడుకు బిడ్డకు రావడానికి మళ్లీ సగం, అంటే పావు. కూతురి వైపూ అంతే. ఆ ఇద్దరు మనవలకూ పెళ్లయితే ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం 16లో ఒకటి, వాళ్ల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 64లో ఒకటి. పరీక్షలో ఇద్దరూ క్యారియర్లని తేలిన రోజున ఆ 64లో ఒకటి కాస్తా నాలుగులో ఒకటి అవుతుంది. పెళ్లికి ముందు పరీక్ష ఎందుకంటే ఇందుకే.

ఎక్స్ క్రోమోజోము మీది జబ్బులు, డుషేన్ కండరాల క్షీణత, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా లాంటివి, ఎక్కువగా మగపిల్లలకు వస్తాయి. తల్లి క్యారియర్ అయితే ప్రతి కొడుక్కీ సగం ప్రమాదం, ప్రతి కూతురూ క్యారియర్ అయ్యే అవకాశం సగం. డుషేన్‌లో దాదాపు మూడో వంతు పిల్లల్లో లోపం కొత్తగా పుట్టినదే, తల్లి క్యారియరే కాదు. పరీక్ష చేయకముందే ఆమె మీద ముద్ర వేయడం అన్యాయం.

నాలుగో మెట్టు: ఎవరికి, ఏ పరీక్ష?

మొదట జబ్బు ఉన్న బిడ్డకే చేయించండి. ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులకు చాలా జన్యువులను ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ పరీక్ష చేయిస్తే ఏం వెతుకుతున్నారో తెలియకుండా వెతికినట్టవుతుంది.

నేను ఎక్కువగా చూసే పొరపాటు ఒకటుంది. ఒక్క జన్యువు జబ్బుకు కార్యోటైప్ చేయించి, "నార్మల్" అన్న కాగితంతో ఊపిరి పీల్చుకుంటారు. కార్యోటైప్‌లో క్రోమోజోముల సంఖ్య, పెద్ద ముక్కల మార్పులు మాత్రమే కనబడతాయి. తలసీమియా, ఎస్ఎంఏ అందులో కనబడే అవకాశమే లేదు. కార్యోటైప్‌కు రక్తం పచ్చమూత గొట్టంలో తీస్తారు, అందులో హెపారిన్ ఉంటుంది. కణాలు బతికి ఉండాలి కాబట్టి మూడు రోజుల పాటు పెంచుతారు, విభజన మధ్యలో ఆపి, రంగు వేసి, ఫొటో తీసి జతలుగా పేరుస్తారు. డీఎన్ఏ పరీక్షకు ఊదామూత గొట్టం. గర్భం పోయినప్పుడు ఆ కణజాలాన్ని పరీక్షకు పంపాలనుకుంటే, అది ఫార్మలిన్‌లో పడకుండా స్టెరైల్ సెలైన్‌లో పెట్టమని ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లకముందే చెప్పండి. ఫార్మలిన్‌లో పడితే కణాలు చనిపోతాయి, కార్యోటైప్ రాదు.

ఇక రిపోర్టు. "46, ఎక్స్ఎక్స్" అంటే మామూలు ఆడ, "46, ఎక్స్‌వై" అంటే మామూలు మగ. "47, ఎక్స్‌వై, ప్లస్ 21" అంటే డౌన్ సిండ్రోమ్ ఉన్న మగబిడ్డ, అతుకు లేని మామూలు రకం. "45" అని ఉండి పక్కన 14, 21 అంకెలు కనబడితే అది అతుక్కున్న రకం క్యారియర్. "9వ క్రోమోజోములో ఇన్వర్షన్" అన్న మాట చూసి రాత్రంతా నిద్రపోని దంపతులను చూశాను. అది నూటికి ఒకరిద్దరిలో ఉండే మామూలు తేడా, జబ్బు కాదు. రెండు మూడు గర్భాలు వరసగా పోతే భార్యాభర్తలిద్దరికీ కార్యోటైప్ చేయించాలి, భార్యకొక్కదానికే కాదు.

తలసీమియా క్యారియర్ పరీక్ష చవకైనది, సులువైనది. మామూలు రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రరక్తకణం సైజు) 80 కంటే, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. మనవాళ్లు "రక్తం తక్కువ" అని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతుంటారు. నెలలు వాడినా ఎంసీవీ కదలకపోతే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష అడగండి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే క్యారియర్ అన్నట్టే. ఐరన్ బాగా తక్కువుంటే ఈ అంకె తగ్గి కనబడొచ్చు కాబట్టి అది సరిచేసి మళ్లీ చూడాలి. బిడ్డకు రక్తం ఎక్కించాలంటే శాంపిల్ అంతకు ముందే తీయించండి. ఎక్కించాక చేస్తే దాత రక్తం కలిసి లెక్క తారుమారవుతుంది.

కారణం అంతుచిక్కని పిల్లలకు మైక్రోఅరే (క్రోమోజోముల్లో చిన్న ముక్కల లోటు, అదనం చూసేది), ఎక్సోమ్ (వేల జన్యువులను ఒకేసారి చదివేది) పరీక్షలు రాస్తారు. వీటిలో "అర్థం తేలని మార్పు" అని రావడం మామూలే. దాని ఆధారంగా గర్భం విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. కొన్నేళ్ల తర్వాత ఆ రిపోర్టును మళ్లీ చూడమని అడగండి, అప్పటికి అర్థం తేలవచ్చు.

ఐదో మెట్టు: బెంగళూరులో ఎక్కడికి?

ఎలక్ట్రానిక్ సిటీలోని సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, దానితో కలిసి పనిచేసే ఇందిరాగాంధీ పిల్లల ఆస్పత్రి, రెండూ కలిపి అరుదైన వ్యాధులకు కేంద్రప్రభుత్వం గుర్తించిన కేంద్రం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, జాబితాలో ఉన్న జబ్బులకు రూ. 50 లక్షల వరకు సాయం ఇలాంటి కేంద్రాల ద్వారానే అందుతుంది. నరాలు, కండరాల జబ్బులకు నిమ్హాన్స్. నెల్లూరు, చిత్తూరు వైపువాళ్లకు చెన్నై ఎగ్మోర్ పిల్లల ఆస్పత్రి దగ్గర. తెలంగాణవాళ్లు హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లొచ్చు. కన్నడమో ఇంగ్లీషో సరిగా రాకపోతే మొహమాటపడి తలూపకండి. తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి, చాలాసార్లు ఉంటారు.

ఆరో మెట్టు: తర్వాతి గర్భానికి క్యాలెండర్

కుటుంబంలో లోపం ఏదో కచ్చితంగా తెలిసినప్పుడే గర్భంలో దాన్ని వెతకగలం. అందుకని పై పరీక్షలన్నీ గర్భం రాకముందే అయిపోవాలి. ఏడో నెలలో పరుగెత్తుకొచ్చేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

10 వారాల తర్వాత తల్లి రక్తంలో కలిసే మాయ డీఎన్ఏను చూసే ఎన్ఐపీటీ చేయొచ్చు. 11 నుంచి 14 వారాల లోపు బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ అనే తల్లి రక్తపరీక్ష. ఈ మూడూ అనుమానం మాత్రమే చెబుతాయి. "హై రిస్క్" అని వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. నిర్ధారణకు 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు, దాన్ని సీవీఎస్ అంటారు. లేదా 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీస్తారు. గర్భం పోతుందనే భయం అందరికీ ఉంటుంది. అనుభవమున్న చేతుల్లో ఆ ప్రమాదం ఒక శాతం కంటే తక్కువే. టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాల్లో. అది అవయవాలను చూస్తుంది, జన్యువులను కాదు. టిఫా బాగుంటే తలసీమియా లేదని అనుకోకండి.

ఈ పరీక్షల్లో బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం, అడగడం కూడా తప్పే. గర్భం కొనసాగించాలా వద్దా అన్నది పూర్తిగా ఆ తల్లి నిర్ణయం. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 24 వారాల దాకా చట్టం చెప్పిన వర్గాలకు ఇద్దరిది కావాలి, అది దాటితే బిడ్డలో తీవ్ర లోపం ఉన్నప్పుడు మెడికల్ బోర్డు చూస్తుంది. ఈ దారే వద్దనుకునేవాళ్లు ఐవీఎఫ్ ద్వారా పిండాన్ని ముందే పరీక్షించుకోవచ్చు, కానీ ఖర్చు చాలా ఎక్కువ.

ఏడో మెట్టు: బంధువులకు చెప్పండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. "చెల్లి పెళ్లి కావాలి, బయటపెట్టకండి" అంటారు. ఆ చెల్లెలి కోసమే చెప్పాలి. మీరు క్యారియర్ అయితే మీ తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరూ క్యారియర్ అయ్యే అవకాశం సగం. తలసీమియా విషయమైతే ఆమెకు హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే సరిపోతుంది. ఆమె క్యారియర్ అయి, కాబోయే భర్త కాకపోతే ఆ పెళ్లికి తలసీమియా అడ్డం కానే కాదు. ఆ మాట పెద్దలకు ముందే చెప్పి ఉంచితే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "అక్కా, మా బాబు రిపోర్టు వచ్చింది, నీకూ బావకూ ఒక రక్తపరీక్ష చేయించుకోవాలంట" అని మొదలుపెట్టండి. డీఎన్ఏ రిపోర్టులో ఆ జన్యువు, అందులోని మార్పు పేరు ఒక పేజీలో ఉంటుంది. మన దేశపు తలసీమియాలో ఎక్కువగా కనబడేది ఐవీఎస్ 1-5 అనే మార్పు. ఆ పేజీ ఫొటో తీసి వాళ్లకు విడిగా పంపండి. అది చేతిలో ఉంటే ల్యాబు వాళ్ల నమూనాలో ఆ ఒక్క చోటే వెతుకుతుంది, ఖర్చూ తగ్గుతుంది, జవాబు కూడా తొందరగా వస్తుంది.